ట్యూబ్ ఆంపా, మోడలింగ్ ఆంపా: అనంతపురం కరెంటు మీద తేల్చుకున్న నా అనుభవం

2024 జూన్‌లో గిటార్ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే ఆంప్లిఫయర్) కోసం వెతకడం మొదలుపెట్టాను, డిసెంబరు మొదటి వారంలో అది ఇంటికొచ్చింది. ట్యూబ్ ఆంప్ అంటే గాజు వాల్వులతో (వాటినే ట్యూబులంటారు) శబ్దాన్ని పెంచేది, మోడలింగ్ ఆంప్ అంటే ఆ ధ్వనిని డిజిటల్‌గా అనుకరించేది. చివరికి కొన్నది మోడలింగ్ ఆంప్, బాస్ (Boss) కంపెనీ వాళ్ళ కటానా 50 మార్క్ 2. అయితే అంతకుముందు కొన్ని నెలలు ఒక మంచి ట్యూబ్ ఆంప్ మా ఇంట్లోనే ఉంది. దాన్ని స్టేజీ ఎక్కించాను, రిపేరు చేయించాను, దాని మీద ప్రేమ కూడా పెంచుకున్నాను. ఈ రెండింటి గురించి యూట్యూబ్‌లో బోలెడు మాటలు దొరుకుతాయి గానీ అవన్నీ కరెంటు నిలకడగా వచ్చే ఊళ్ళవి. కళ్యాణ మండపం జనరేటర్ మీద, మన వీధి లైను మీద ఏం జరుగుతుందో చెప్పేవాళ్ళు నాకు దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను ఇక్కడ ఒక ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయిస్తాను. పెళ్ళిళ్ళు, రిసెప్షన్లు, చవితి పందిళ్ళు, ఆదివారం పొద్దున చర్చి. ఇన్నేళ్ళూ ఒక ప్రాసెసర్‌ని (గిటార్ సౌండ్‌కి ఎఫెక్టులు కలిపే పెట్టె) నేరుగా సౌండ్ మిక్సర్‌కి కలిపి వాయించాను. అలా వాయించేవాళ్ళకి తెలుసు, స్టేజీ మీద మన గిటార్ మనకు వినపడాలంటే సౌండ్ ఆపరేటర్ దయ ఉండాలి. సింగర్లు మానిటర్‌లో (స్టేజీ మీద మనవైపు తిరిగి ఉండే స్పీకర్) తమ గొంతు పెంచమంటారు, గిటార్ ఎక్కడో అడుగున పడిపోతుంది. వినపడనప్పుడు వేళ్ళు బిగుసుకుంటాయి, అవసరానికి మించి గట్టిగా మీటుతాం, రాత్రికి మణికట్టు నొప్పి. నా వెనక నాదంటూ ఒక ఆంప్ ఉండాలన్నది చాలా ఏళ్ళ కోరిక.

మేలో చీటీ పాడితే డబ్బు చేతికొచ్చింది. యాభై వేలు దీనికని పక్కన పెట్టాను. పైగా ఆ ఏడాది మూఢం, దాని వెంటే ఆషాఢం వచ్చి శ్రావణం దాకా పెళ్ళిళ్ళు లేవు. తీరిగ్గా చూసుకోవడానికి అంతకంటే మంచి సమయం ఉండదు.

మొదట అమెరికాలో ఉన్న మా చిన్నాన్న కొడుకు, "అన్నా, ఇక్కడ సెకండ్‌హ్యాండ్‌లో ట్యూబ్ ఆంపులు చవగ్గా దొరుకుతాయి, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తా" అన్నాడు. ఆశ పుట్టింది. వెనక ప్లేటు ఫోటో పంపమన్నాను. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. మన 230లో అలాగే గుచ్చితే స్విచ్ వేసిన క్షణంలో పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు గానీ, దాని బరువు కొన్ని కిలోలు, స్టేజీ మీద ఎవరో ఒకరు పొరపాటున ఆంప్‌ని మామూలు బోర్డులో గుచ్చేస్తారన్న భయం ఎప్పుడూ ఉంటుంది. వద్దన్నాను. మీకెవరైనా ఇలా తెస్తామంటే ముందు ఆ ప్లేటు చూడండి.

జూలై రెండో శనివారం బెంగళూరు బస్సెక్కాను. పొద్దున్నే బయల్దేరితే పదకొండు లోపే హెబ్బాళ దగ్గర దిగొచ్చు. గిటార్ నాదే తీసుకెళ్ళాను. షాపు గిటార్ మీద ఆంప్ ఎంచుకుంటే ఏది ఆంప్ గుణమో, ఏది గిటార్ గుణమో తేలదు.

షాపులో అద్దాల గది ఉంది. మొదట ట్యూబ్ ఆంప్ వేయమన్నాను. స్విచ్ వేశాక అర నిమిషం పాటు ఏమీ లేదు, వాల్వులు ఎర్రబడ్డాక సన్నటి ఉస్‌మనే చప్పుడు మొదలైంది. ఇ మైనర్ కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టి మెత్తగా మీటాను. తేటగా పలికింది. అదే కార్డు కొంచెం ఒత్తి మీటేసరికి అంచున గరుకు వచ్చింది. గిటార్ మీది వాల్యూమ్ పది నుంచి ఆరుకు తగ్గించాను, గరుకు పోయి మళ్ళీ తేట. ఎఫెక్ట్ పెడల్ తొక్కలేదు, ఆంప్ మీద నాబ్ తిప్పలేదు, వేలి బరువు, గిటార్ వాల్యూమ్ మాత్రమే మారాయి. ఇరవై ఏళ్ళకు పైగా వాయిస్తున్నాను, నా వేళ్ళకు అంత వెంటనే బదులిచ్చిన పెట్టె అంతకుముందు లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే అతిశయోక్తి కాదు.

తర్వాత కటానా. క్రంచ్ అనే గరుకు సౌండ్ మీద పెట్టి అదే కార్డు. బాగుంది, నిజంగా చాలా బాగుంది. మెత్తగా మీటితే తేట, గట్టిగా మీటితే గరుకు, అదీ చేసింది. తేడా మధ్యలో ఉంది. ఆ రెండింటి మధ్య ట్యూబ్ ఆంప్‌కి ఎన్నో మెట్లున్నాయి, ఇందులో కొన్ని తక్కువగా అనిపించాయి. ఆ తేడా నాకు నచ్చిన వాల్యూమ్‌లో, అంటే షాపు కుర్రాడు చెవులు మూసుకున్న వాల్యూమ్‌లో తెలిసింది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ధరలు: 15, 20 వాట్ల కొత్త ట్యూబ్ కాంబోలు (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేవి) డెబ్బై వేలకు పైనే చెప్పారు. కటానా ముప్పై వేల లోపు. ట్యూబ్‌ది ఆర్డరిస్తే నెలన్నర పట్టొచ్చన్నారు. ఆ రోజు ఏమీ కొనలేదు. తిరుగు బస్సులో పెనుకొండ వచ్చేదాకా ఆ ఇ మైనర్ చెవిలో తిరుగుతూనే ఉంది.

జూలై చివర్లో కలిసొచ్చింది. చర్చిలో నాతో వాయించే తమ్ముడొకడు నర్సింగ్ ఉద్యోగం మీద గల్ఫ్‌కి వెళ్తున్నాడు. అతని దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 15 వాట్ల ట్యూబ్ కాంబో ఉంది. గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచడానికి మూడు 12ఎఎక్స్7 వాల్వులు, స్పీకర్‌ని నడిపే పవర్‌కి రెండు ఇఎల్84 వాల్వులు, పన్నెండు అంగుళాల స్పీకర్. "అన్నా, నేను అమ్మేదాకా నీ దగ్గర పెట్టుకో, వాయిస్తూ ఉండు. నచ్చితే ముప్పై ఎనిమిది వేలకి నువ్వే తీసుకో" అన్నాడు. అంటే నా బడ్జెట్‌లోకి ట్యూబ్ ఆంప్ నడుచుకుంటూ వచ్చింది.

ఇంటికొచ్చాక అసలు సంగతులు మొదలయ్యాయి.

మాది మేడ మీద అద్దె వాటా. కింద ఓనరు వాళ్ళుంటారు. మా ఆవిడ స్టాఫ్ నర్సు, నైట్ డ్యూటీ వారంలో పగలు పడుకోవాలి. 15 వాట్లు అంటే తక్కువే కదా అనిపిస్తుంది. కాదు. ట్యూబ్ ఆంప్‌లో 15 వాట్లు డ్రమ్స్ పక్కన నిలబడే శబ్దం. వాల్యూమ్ రెండు దాటితే మా ఆవిడ లేస్తుంది, నాలుగు దాటితే ఓనరమ్మ మెట్లెక్కి వస్తుంది. షాపులో నేను మనసు పారేసుకున్న ఆ గరుకు ఆరు దగ్గర ఉంది. రెండు దగ్గర ఆ ఆంప్ తేటగా, అందంగా పలుకుతుంది గానీ, వేలికి బదులిచ్చే ఆ గుణం ఇంకా నిద్ర లేవదు. తక్కువ వాట్లది కొంటే సరిపోతుంది కదా అని కొందరంటారు. వాట్లు సగం చేస్తే చెవికి తగ్గేది 3 డెసిబెల్సే, అంటే కొంచెమే. శబ్దం సగమైనట్టు అనిపించాలంటే వాట్లు పదో వంతుకు రావాలి, అంటే 15ని ఒకటిన్నరకి తేవాలి. 5 వాట్ల ట్యూబ్ ఆంప్ కూడా మేడ మీద వాటాకి ఎక్కువే.

ఇక కరెంటు. సాయంత్రాలు ఆంప్ నీరసంగా, బాస్ వదులుగా పలుకుతోందని, రాత్రి పొద్దుపోయాక మళ్ళీ బిగుతుగా ఉంటోందని గమనించాను. మొదట నా చెవుల మీదే అనుమానం వచ్చింది. మల్టీమీటర్ తెచ్చి ప్లగ్గులో పెట్టి చూశాను. సాయంత్రం ఏడింటికి 196 వోల్టులు. రాత్రి పదకొండు దాటాక 243. ఒకే రోజులో ఇంత తేడా! స్టెబిలైజర్ కొన్నాను, 3,800. అప్పుడు ఇంకో విషయం బయటపడింది. వోల్టేజి మారినప్పుడల్లా స్టెబిలైజర్ లోపల రిలే అనే స్విచ్ టక్‌మంటుంది, ఆ క్షణం ఆంప్‌లో కూడా శబ్దం ఒక్కసారి ఎగిరిపడుతుంది. నెమ్మదైన పాట మధ్యలో అలా జరిగితే వాయించే ధ్యాస చెదిరిపోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్తే మరీ కష్టం. మాది పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, ఆంప్ జుయ్‌మని ఆగకుండా రొద పెట్టింది. వెంటనే ఆపేశాను.

ఎర్తింగ్ కూడా చూపించుకోండి. మా ప్లగ్గులో మూడో రంధ్రం పేరుకే ఉంది, దాని వెనక వైరు లేదు. మామూలు రోజుల్లో ఎవరికీ పట్టదు. కానీ గిటార్ తీగలు ఆంప్ ఛాసిస్‌తో (లోపలి ఇనుప చట్రం) కలిసి ఉంటాయి, మన వేళ్ళు ఆ తీగల మీద ఉంటాయి. ఓనరుతో మాట్లాడి గుంత తవ్వించి, ఉప్పు, బొగ్గు వేసి కొత్త ఎర్త్ పెట్టించాను. ఖర్చులో సగం ఆయనే భరించాడు, నా వాటాకి 1,500 పడింది. ఆంప్‌లో వచ్చే గుయ్‌మనే హమ్ సగానికి సగం తగ్గింది. ఇది ఏ ఆంప్ కొన్నా తప్పని ఖర్చు.

ఆగస్టు మూడో వారంలో ధర్మవరంలో రిసెప్షన్ ఒప్పుకున్నాం. ఆంప్ తీసుకెళ్ళాను. హాలు మొదటి అంతస్తు, లిఫ్టు లేదు. ఆంప్ పద్నాలుగు కిలోలు, స్టెబిలైజర్ మరో ఆరు. మెట్లెక్కేసరికి చొక్కా తడిసింది. సౌండ్ ఆపరేటర్ స్పీకర్ గుడ్డకు దగ్గరగా మైకు పెట్టాడు. ఎనభైల నాటి ఒక నెమ్మదైన మెలోడీలో ఇంటర్‌లూడ్ మొత్తం గిటారే. ఆ నాలుగు నిమిషాలు నేను మర్చిపోలేను. ప్రతి స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో నా వేలు చెప్పినట్టే వింది. పక్కన కీబోర్డ్ వాయించే అన్న వాయిస్తూనే నా వైపు తిరిగి చూశాడు. ఆయన అలా ఎప్పుడూ చూడడు.

ఇంకో రెండు పాటలయ్యాక కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది. కీబోర్డు, మిక్సర్ కాసేపట్లో లేచాయి, సింగర్ చరణం అందుకున్నాడు. నా ఆంప్ మాత్రం వాల్వులు వేడెక్కేదాకా మౌనం. పాట నడుస్తోంది, గిటార్ చేతిలో ఉంది, శబ్దం లేదు. అర నిమిషం స్టేజీ మీద ఎంత పొడుగో ఆ రోజు తెలిసింది. జనరేటర్ మీద స్టెబిలైజర్ రిలే కూడా ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది, రాత్రంతా టెన్షన్.

ప్రోగ్రాం అయ్యాక వాల్వులు చల్లారేదాకా ఆంప్ కదపకూడదు. అర్ధరాత్రి బొలెరో డ్రైవర్‌కి ఆ మాట చెప్పి చూడండి. పది నిమిషాలు బతిమాలి ఆపాను. దారి పొడుగునా దాన్ని కాళ్ళ మధ్య పట్టుకునే కూర్చున్నాను. అయినా మర్నాడు ఇంట్లో ఆన్ చేస్తే కొన్ని స్వరాల దగ్గర స్పీకర్‌లో సన్నగా టింగ్‌మని ఇనుము మోగినట్టు శబ్దం. పైన చేయి ఆనించినా టింగ్.

ఎక్కడికి తీసుకెళ్ళాలి? బెంగళూరు షాపు వాళ్ళు అక్కడికి తెమ్మన్నారు, ఎన్నాళ్ళు పడుతుందో చూశాక చెప్తామన్నారు. అప్పుడు మా నాన్న గుర్తు చేశాడు, పాతూరులో వెనకటి రేడియో మెకానిక్ ఒకాయన ఉన్నాడని. ఇప్పుడు మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు బాగుచేస్తున్నాడు. సందులో చిన్న కొట్టు, వయసు డెబ్బై పైనే. ఆంప్ వెనక పలక విప్పగానే కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాడు.

"ఇది వాల్వు సెట్టు కదప్పా! యాడ దొరికింది నీకు? ఇఎల్84... మా కాలంలో రేడియోల్లో ఇదే. బెంగళూరు బి.ఇ.ఎల్. (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వులు తెప్పించి వేసేవాళ్ళం."

నేను లోపల చేయి పెట్టబోతే మణికట్టు పట్టుకుని ఆపాడు. "కరెంటు తీసేసినాం కదా అనుకోవద్దు. ఈ కండెన్సర్లు దాచిపెట్టుకుంటాయి. పట్టుకుంటే ఇసిరి కొడతాది." ఒక రెసిస్టర్‌కి క్లిప్పులు తగిలించి ఒక కొస ఛాసిస్‌కి, రెండోది కండెన్సర్‌కి పెట్టి, మీటర్ నాకే చూపించాడు. ప్లగ్గు తీసేసి ఉన్న ఆంప్‌లో 300కి పైన వోల్టులు! మెల్లగా దిగుతూ దిగుతూ సున్నాకి వచ్చింది. ఈ ఒక్క కారణంగా చెప్తున్నా, ట్యూబ్ ఆంప్ మూత మీరు తీయకండి.

తర్వాత మళ్ళీ కరెంటిచ్చి, చెక్క పెన్సిల్ తీసుకుని వాల్వుల్ని ఒక్కొక్కటిగా మెల్లగా తట్టాడు. రెండు పలకలేదు. మూడోదాన్ని తట్టగానే స్పీకర్‌లో టింగ్. ఆపి, ఆ వాల్వుని పక్కదానితో చోటు మార్చి మళ్ళీ తట్టాడు. శబ్దం వాల్వుతో పాటే పోయింది. "సాకెట్టు బాగుండాది. ఇదే పోయింది" అని దాని మీద స్కెచ్‌పెన్‌తో గుర్తు పెట్టాడు. పది నిమిషాల పని. అంత తేటగా తప్పు పట్టుకోవడం చూస్తే సంతోషమేసింది.

మా ఇంట్లో కరెంటు సంగతి చెప్పాను. కొట్టు మూల నుంచి డిమ్మర్‌స్టాట్ (వోల్టేజి పెంచి తగ్గించే పెట్టె) లాగి, 196 మీద పెట్టి, వాల్వు హీటర్ (వాల్వుని వేడి చేసే తీగ) దగ్గర కొలిచాడు. 6.3 వోల్టులుండాల్సిన చోట 5.4. "అరకడుపున పని చేయించినట్టుండాది నువ్వు. ఒకటి రెండు రోజులకి ఏం కాదు. రోజూ ఇట్లే వాయిస్తే వాల్వు బిన్నే ముసలిదైపోతాది. 250 ఇచ్చినా అంతే, ఇంగో రకంగా పోతాది." మూడొందలు అడిగాడు. ఐదొందలిస్తే రెండొందలు వెనక్కిచ్చేశాడు.

కొత్త 12ఎఎక్స్7 బెంగళూరు నుంచి తెప్పించాను, కొరియర్‌తో కలిపి 1,700. వచ్చేసరికి పది రోజులు దాటింది. పవర్ వాల్వులు ఒకే కొలతవి జతగా మార్చుకోవాలి, వాటికి నాలుగైదు వేలవుతుందని అప్పుడే అడిగి తెలుసుకున్నాను. వారానికి రెండు మూడు ప్రోగ్రాములు వాయించేవాళ్ళకి అవి ఒకటి రెండేళ్ళకి మార్చాల్సి రావొచ్చు.

వాల్వు రాకముందే సెప్టెంబరు 7న వినాయక చవితి వచ్చేసింది. పందిట్లో ప్రోగ్రాం ఉంది, ఆంప్ లేదు. నా దగ్గర నేర్చుకునే ఇంజనీరింగ్ కుర్రాడి దగ్గర కటానా 50 ఉంటే, "సార్, తీసుకెళ్ళండి" అని తెచ్చిచ్చాడు. ముందు రోజు రాత్రి ఇంట్లో పవర్ కంట్రోల్‌ని అర వాటు మీద పెట్టి సౌండ్లు చూసుకున్నాను. మా ఆవిడ పక్క గదిలో పడుకునే ఉంది. అర వాటు దగ్గర కూడా గరుకు గరుకులాగే ఉంది, అరిగిపోయినట్టు లేదు. మా ఇంట్లో ఆ పని ట్యూబ్ ఆంప్ ఏ రోజూ చేయలేకపోయింది.

ఈ ఆంప్‌లో నాలుగు సౌండ్లు దాచుకోవచ్చు. తేటది ఒకటి, రిథమ్‌కి క్రంచ్ ఒకటి, లీడ్ ఒకటి, పాత మెలోడీలకి కోరస్ (రెండు గిటార్లు కలిసి మోగినట్టు), రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు) ఎఫెక్టులు కలిపింది ఒకటి. ఆర్కెస్ట్రా అంటే ఒక పాట భక్తి, తర్వాతది డిస్కో, ఆ తర్వాతది పోయిన నెల వచ్చిన మాస్ పాట. పాటకీ పాటకీ మధ్య మాకు దొరికేది యాంకర్ రెండు ముక్కలు చెప్పేంత సమయం. ధర్మవరంలో ట్యూబ్ ఆంప్ ముందు నాలుగు పెడల్స్ పరుచుకుని, వాటి అడాప్టర్లు, కేబుళ్ళు చూసుకోవడమే ఒక ఉద్యోగమైంది. పందిట్లో రెండు సార్లు కరెంటు పోయింది. రెండు సార్లూ స్విచ్ వెలిగిన కాసేపటికే ఆంప్ పలికింది.

మరి సౌండ్? ఇక్కడే నాకు చాలా ఆలోచన పట్టింది. వాల్వు మార్చి ట్యూబ్ ఆంప్ తిరిగొచ్చాక, సెప్టెంబరు చివర్లో ఒక శనివారం సాయంత్రం ఖాళీ చర్చి హాల్లో రెండు ఆంపులూ పక్కపక్కన పెట్టాం. రెండింటికీ ఒకే రకం డైనమిక్ మైకు, ఒకే దూరం. మా సౌండ్ ఆపరేటర్, కీబోర్డ్ అన్న చివరి బెంచీ దగ్గర అటు తిరిగి కూర్చున్నారు. నేను మార్చి మార్చి వాయించాను. పిఎ స్పీకర్లలోంచి (హాలంతటికీ వినిపించే పెద్ద స్పీకర్లు) విన్నప్పుడు ఇద్దరూ సరిగ్గా చెప్పలేకపోయారు. ఒకసారి ఇది ట్యూబ్ అన్నది కటానా అయింది, ఇంకోసారి తారుమారు. అదే మైకులు ఆపేసి ఆంపుల ఎదురుగా వచ్చి నిలబడితే, మెత్తగా వాయించే చోట ఇద్దరూ ట్యూబ్‌ని పట్టేశారు.

అంటే నాకు తెలుస్తున్న తేడా భ్రమ కాదు. అది నిజంగా ఉంది, కానీ ఆంప్‌కి దగ్గరగా నిలబడ్డవాడికే, ఆంప్ వాల్యూమ్ కాస్త పెంచినప్పుడే. మైకులోంచి పోయి హాలు చివర కూర్చున్న పెళ్ళివారికి అది చేరడం లేదు. నా వాయింపులో ఎక్కువ భాగం మేడ మీద చిన్న శబ్దంలో, మిగిలింది మైకు పెట్టిన స్టేజీ మీద. ఆ రెండు చోట్లా ట్యూబ్ ఆంప్‌లో నేను ప్రేమించిన గుణానికి చోటు లేదు. చర్చిలో ఉంది. అక్కడ కరెంటు నిలకడ, హాలు చిన్నది, మైకు అవసరం లేదు, వాల్యూమ్ ఐదు మీద పెట్టినా ఎవరూ ఏమనరు. కేవలం అలాంటి చోట వాయించేవాళ్ళయితే నేను కళ్ళు మూసుకుని ట్యూబే కొనమంటాను.

దసరా అయ్యాక బెంగళూరు షాపుకి ఫోన్ చేసి కటానాకి ఐదు వేలు అడ్వాన్స్ పంపాను. వారంలో వస్తుందన్నారు. స్టాక్ లేదని దీపావళి తర్వాత అన్నారు, ఆ తర్వాత నవంబరు చివర అన్నారు. ఫోన్ చేసినప్పుడల్లా "ఈ వారం సార్". కార్తీకంలో ఒప్పుకున్న ప్రోగ్రాములన్నీ కుర్రాడి ఆంప్ మీదే నడిపాను, ప్రతిసారీ అడగాలంటే మొహమాటం. డిసెంబరు మొదటి వారంలో ట్రావెల్స్ బస్సులో పార్శిల్‌గా వచ్చింది. ఆంప్ 28,500, పార్శిల్ 400. మన ఊళ్ళో దించుకునేటప్పుడే పెట్టె మూలలు చూసుకుని, ఫోటోలు తీసుకుని సంతకం పెట్టండి.

పెట్టెలో ఫుట్‌స్విచ్ ఉండదు. అది లేకుండా స్టేజీ మీద వంగి బటన్ నొక్కాలి, కాబట్టి ఇంకో మూడు వేలకు పైగా పక్కన పెట్టుకోండి. కంప్యూటర్‌కి కలపడానికి పాత ప్రింటర్ కేబుల్ సరిపోతుంది, కొత్తది కొనక్కర్లేదు. ఎఫెక్టులు లోతుగా మార్చాలంటే టోన్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ కావాలి, దానికి ముందు కంప్యూటర్‌లో డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. ఫర్మ్‌వేర్ (ఆంప్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసేటప్పుడు మధ్యలో కరెంటు పోకూడదు. నేను ఇన్వర్టర్ నిండా ఛార్జ్ చేసుకుని, పొద్దున్నే లోడు తక్కువున్న వేళ చేశాను, అయిపోయేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. అదే పాత ఇన్వర్టర్ మీద ఇది కూడా కొంచెం గొణుగుతుంది గానీ వాయించుకోనిస్తుంది. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒంటిగంట దాకా సాధన చేస్తున్నాను. పెళ్ళయ్యాక ఇంత సాధన ఎప్పుడూ చేయలేదు. ట్యూబ్ ఆంప్‌లో ఆ వీలు లేదు, దానికి స్పీకర్ తీసేసి అసలు ఆన్ చేయకూడదు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

కొన్న కొత్తలో షాపువాళ్ళు వేసిచ్చిన సౌండ్లలో రివర్బ్, డిలే (ప్రతిధ్వని) మోతాదు మించి ఉంటాయి. ఇంట్లో ఘనంగా ఉంటుంది, హాల్లో పిఎ దగ్గరికి వెళ్ళేసరికి బురదబురద. నేను గెయిన్ (గరుకు పెంచే నాబ్) సగానికి తగ్గించి, రివర్బ్ దాదాపు తీసేసి, మిడిల్ కొంచెం పెంచాక కీబోర్డు, సింగర్ల మధ్యలోంచి గిటార్ బయటికొచ్చింది. ఇంట్లో పెట్టుకున్న సౌండ్‌ని స్టేజీ వాల్యూమ్‌లో తప్పకుండా మళ్ళీ సరిచూసుకోవాలి.

తమ్ముడి ట్యూబ్ ఆంప్ డిసెంబరులోనే అమ్ముడైంది. గుంతకల్లు నుంచి ఒకాయన వచ్చి చూశాడు, వాళ్ళ చర్చిలోనే వాయిస్తాడట, బయట ప్రోగ్రాములు లేవు. నేను అతన్ని రెండు గంటలు వాయించుకోనిచ్చాను. ముప్పై ఆరు వేలకి మాట కుదిరింది, తమ్ముడు గల్ఫ్ నుంచి ఫోన్లో సరే అన్నాడు. నా స్టెబిలైజర్ కూడా మూడు వేలకి ఆయనకే ఇచ్చేశాను. వేడి మీద కదపొద్దని, మూత తీయొద్దని చెప్పి, పాతూరు కొట్టుకి ఎలా వెళ్ళాలో కాగితం మీద గీసిచ్చాను. సాయంత్రం ఐదు తర్వాత వెళ్తే పెద్దాయన తీరిగ్గా ఉంటాడు.